నైలాన్‌తో కలిసిపోయేలా పీఓఈని మార్చడం ఎలా: విశాఖ తేమకు తగ్గ పద్ధతి

నైలాన్ 6 పెళుసుతనం తగ్గించాలని పాలీఓలెఫిన్ ఎలాస్టోమర్‌ను, అంటే పీఓఈ గుళికలను, నేరుగా కలిపి ఎక్స్‌ట్రూడర్‌లో (ప్లాస్టిక్‌ను కరిగించి స్క్రూతో తోసే యంత్రం) తోస్తే స్ట్రాండ్, అంటే బయటికొచ్చే తీగ, చూడటానికి బాగానే వస్తుంది. దానితో అచ్చు పోసిన ముక్కను నాలుగుసార్లు వంచితే అసలు సంగతి బయటపడుతుంది. గేటు దగ్గర, అంటే ప్లాస్టిక్ అచ్చులోకి దిగే చోట, ఉల్లిపొరలా లేస్తుంది. నైలాన్‌కు నీళ్లంటే ఇష్టం, పీఓఈకి పడదు. కరిగినప్పుడు రెండూ ఒకే బ్యారెల్‌లో ఉన్నా దేని దారి దానిదే.

వాటిని పట్టి ఉంచడానికి పీఓఈ గొలుసు మీద మలైక్ అన్‌హైడ్రైడ్‌ను అంటుకట్టాలి (గ్రాఫ్టింగ్). నైలాన్ గొలుసు చివర ఉండే అమీన్, ఆ అన్‌హైడ్రైడ్‌తో బ్యారెల్‌లోనే చర్య జరిపి ఇమైడ్ బంధం ఏర్పరుస్తుంది. ఈ పనిలో మనకు ఉన్న పెట్టుబడి అంతా ఆ అమీన్ చివరలే. వాటిని వృథాగా తినేసేవి ఏమిటో, వాటిని ఎలా ఆపాలో తెలిస్తే మిగతా పని యంత్రం చేస్తుంది. కింద చెప్పే పద్ధతి 100 కిలోల లాట్‌కు, 40:1 పొడవు–వ్యాసం నిష్పత్తి గల కో–రొటేటింగ్ ట్విన్ స్క్రూకు (ఒకే దిక్కుకు తిరిగే జంట స్క్రూల ఎక్స్‌ట్రూడర్) లెక్క వేసి రాసింది. సింగిల్ స్క్రూ మీద దీన్ని ప్రయత్నించకండి. కలపడం చాలదు, వాక్యూమ్ తీయడానికి చోటుండదు.

ముడిసరుకు సిద్ధం చేయడం

కావలసినవి:
పీఓఈ, సాంద్రత 0.87 దగ్గర, 190 డిగ్రీల సెల్సియస్, 2.16 కిలోల బరువు దగ్గర మెల్ట్ ఫ్లో (కరిగినప్పుడు పది నిమిషాల్లో కారే గ్రాములు) 5: 100 కిలోలు
మలైక్ అన్‌హైడ్రైడ్: 1.2 కిలోలు
ద్రవ పెరాక్సైడ్ (డీహెచ్‌బీపీ, 101 రకం): 80 గ్రాములు
వైట్ ఆయిల్: 150 గ్రాములు

డైక్యుమైల్ పెరాక్సైడ్ చవక, అందరి దగ్గరా దొరుకుతుంది. కానీ అది విడిపోయాక మిగిలే అసిటోఫినోన్ వాసన తయారైన వస్తువులో నెలల తరబడి ఉంటుంది. పైగా అది 40 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మే నెలలో గాజువాక ఆటోనగర్ రేకుల షెడ్డులో మధ్యాహ్నం దాటేసరికి డబ్బాలో ముద్దకట్టి కూర్చుంటుంది. ముద్దను విరగ్గొట్టి తూచితే ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ పడుతుంది. అందుకే ద్రవ రకమే మేలు.

మలైక్ అన్‌హైడ్రైడ్ విషయంలో మన ఊరి గాలి పెద్ద ఇబ్బంది. సంచి తెరిచి ఉంచితే గాలిలోని నీటిని పట్టుకుని మలైక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లం పీఓఈ మీద అంత బాగా అంటదు, లోహాన్ని మాత్రం బాగా తింటుంది. తాజా అన్‌హైడ్రైడ్ 53 డిగ్రీల దగ్గర తేటగా కరగాలి. గాజు పరీక్షనాళికలో చెంచాడు వేసి 60 డిగ్రీల నీటిలో ఉంచండి. అడుగున కరగని తెల్లటి పొడి మిగిలితే అది ఆమ్లం. ఆ సంచి ఈ పనికి పనికిరాదు. కొనేటప్పుడు పెద్ద సంచులకు బదులు లాట్‌కు సరిపడా చిన్న ప్యాకెట్లుగా కట్టించి, సిలికా జెల్ వేసిన మూతడబ్బాల్లో పెట్టుకోండి.

ఈ పదార్థం కళ్లను, గొంతును మండిస్తుంది. పదేపదే పీలిస్తే ఉబ్బసం లాంటి అలర్జీ శాశ్వతంగా పట్టుకోవచ్చు. తూచే మనిషికి సైడ్ కవర్లున్న కళ్లద్దాలు, నైట్రైల్ చేతొడుగులు, ఆవిరి, దుమ్ము రెండింటినీ ఆపే కార్ట్రిడ్జ్ మాస్క్ తప్పనిసరి. ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఈ పని చేయనివ్వకండి.

పెరాక్సైడ్‌ను తుప్పు, ఆమ్లాలు, అమీన్లకు దూరంగా, చల్లని విడి గదిలో ఉంచాలి. డబ్బా నుంచి తీసింది మిగిలితే మళ్లీ అందులో పోయకూడదు. హార్బర్ వైపు ఫైబర్ పడవలకు మరమ్మతు చేసే షెడ్డుల్లో కోబాల్ట్ ఆక్సిలరేటర్ వాడతారు. అదీ పెరాక్సైడ్ నేరుగా కలిస్తే ఒక్కసారిగా వేడెక్కి మంట లేస్తుంది. అద్దె గోదాములో రెండు పనులూ ఒకే కప్పు కింద ఉంటే మీ పెరాక్సైడ్‌ను అక్కడ పెట్టకండి.

పూత పట్టించడం

టంబ్లర్‌లో ముందు పీఓఈ వేయండి. వైట్ ఆయిల్‌లో పెరాక్సైడ్ కలిపి సన్నగా చల్లుతూ ఐదు నిమిషాలు తిప్పండి. గుళికలన్నీ సమంగా మెరవాలి. తర్వాత పొడి చేసిన అన్‌హైడ్రైడ్ వేసి ఇంకో ఐదు నిమిషాలు తిప్పండి. నూనె తడికి పొడి గుళికలకు అంటుకుంటుంది, హాపర్ అడుగుకు జారదు. హై స్పీడ్ మిక్సర్ వాడితే రాపిడి వేడికి మిశ్రమం 40 డిగ్రీలు దాటకుండా చూసుకోండి. కొన్ని పుస్తకాల్లో అసిటోన్‌లో కరిగించి చల్లమని ఉంటుంది. ప్రయోగశాలలో 200 గ్రాములకు అది సరే. షెడ్డులో 100 కిలోలకు అసిటోన్ ఆవిరి అంటే నిప్పుతో చెలగాటం.

కలిపిన మిశ్రమాన్ని రెండు గంటల్లోపు నడిపించేయాలి. రాత్రికి ఉంచి పొద్దున నడిపిస్తే ఆ తేడా టైట్రేషన్‌లో (అంటిన అన్‌హైడ్రైడ్‌ను కొలిచే పరీక్ష, కింద చెప్పాను) కనిపిస్తుంది, ముఖ్యంగా ఆషాఢం మొదలు కార్తీకం దాకా.

గ్రాఫ్టింగ్: బ్యారెల్ అమరిక

ఫీడ్ గొంతుకు చల్లని నీరు తిప్పండి. తర్వాత జోన్లు వరుసగా 120, 160, 180, 195, 200, 200, 195, డై (కరిగింది బయటికొచ్చే మూతి) దగ్గర 190 డిగ్రీలు. స్క్రూ వేగం నిమిషానికి 250 తిప్పులు. మొదటి నీడింగ్ బ్లాకుల (స్క్రూ మీద పదార్థాన్ని పిసికే ముక్కలు) దగ్గర పీఓఈ పూర్తిగా కరగాలి, పెరాక్సైడ్ విడిపోవడం ఆ తర్వాత మొదలవ్వాలి. మూడో జోను దాకా వేడి తక్కువ ఉంచింది ఇందుకే. ఈ పెరాక్సైడ్ 180 డిగ్రీల దగ్గర నిమిషానికి సగం విడిపోతుంది, 200 దగ్గర ఆ సమయం పది పదిహేను సెకన్లకు పడిపోతుంది. బ్యారెల్‌లో కరిగిన పదార్థం నిమిషం నుంచి నిమిషంన్నర ఉంటే పెరాక్సైడ్ దాదాపు పూర్తిగా ఖర్చవుతుంది. రంగు గుళికలు చిటికెడు వేసి డై దగ్గరికి ఎంతసేపట్లో వస్తున్నాయో గడియారం పెట్టి చూడండి. 50 సెకన్లలోపే వస్తుంటే వేగం తగ్గించాలి, లేదంటే మిగిలిన పెరాక్సైడ్ రేపు నైలాన్‌లో తన పని తాను చేస్తుంది.

ఇక వాక్యూమ్. నూటికి ఎనభై లోపాలు ఇక్కడే పుడతాయని చెప్పినా తప్పు లేదు. వేసిన అన్‌హైడ్రైడ్ అంతా గొలుసుకు అంటదు. మూడో వంతు దాకా విడిగా మిగిలిపోవచ్చు. చివరి వెంట్ (బ్యారెల్ నుంచి ఆవిరి లాగే రంధ్రం) దగ్గర గేజ్ కనీసం 700 మిల్లీమీటర్ల పాదరసం చూపించాలి. లాగిన ఆవిరి పైపులో 53 డిగ్రీల కన్నా చల్లబడగానే తెల్లటి సూదుల్లా గడ్డకట్టి దారి మూసేస్తుంది. గేజ్ ముల్లు పంపు దగ్గర పూర్తిగా నిలబడే ఉంటుంది, వెంట్ దగ్గర మాత్రం లాగుడు ఉండదు. కాబట్టి గేజ్‌ను వెంట్‌కు దగ్గరగా బిగించండి. వెంట్ నుంచి ట్రాప్ దాకా పైపుకు హీటర్ టేపు చుట్టి 80 డిగ్రీల దగ్గర ఉంచండి. ట్రాప్ తర్వాత పలుచని సోడా ద్రావణంలో గాలిని కడిగి వదలండి. ట్రాప్‌ను వేడి నీటితో కడిగితే వచ్చేది మలైక్ ఆమ్లం. మామూలు ఇనుప పైపు దానికి ఆగదు, 316 స్టెయిన్‌లెస్ కావాలి.

నడుస్తుండగా కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు బ్యారెల్‌లో ఉన్నది అతిగా చర్య జరిపి గెల్, అంటే మళ్లీ కరగని ముద్ద, అవుతుంది. తిరిగి మొదలుపెట్టాక ముందు మామూలు పీఓఈతో తోసి, బయటికొచ్చిన మొదటి పది కిలోలు పక్కన పెట్టండి. వాటిని మంచి లాట్‌లో కలిపితే ఆ గెల్ తర్వాత నైలాన్ వస్తువు మీద చిన్న చిన్న మొటిమల్లా తేలుతుంది.

స్ట్రాండ్ తొట్టిలో నీరు 15–20 డిగ్రీలు ఉండాలి. వేసవిలో బోరు నీటితో పీఓఈ స్ట్రాండ్ గట్టిపడదు. పెల్లటైజర్ బ్లేడ్లకు చుట్టుకుంటుంది, సంచిలో ఒకదానికొకటి అతుక్కుని దిమ్మ అవుతుంది. చిల్లర్ కావాలి. గుళికల మీద 0.2 శాతం టాల్క్ చల్లితే అతుక్కోవడం ఇంకా తగ్గుతుంది.

ఎంత అంటిందో కొలవడం

కొలవకుండా తర్వాతి మెట్టు ఎక్కకండి. 3 గ్రాముల గుళికలను 100 మిల్లీలీటర్ల జైలీన్‌లో వేసి, ఫ్యూమ్ హుడ్ కింద మరిగించి కరిగించండి. ఆ వేడి ద్రావణాన్ని 400 మిల్లీలీటర్ల అసిటోన్‌లో కలుపుతూ పోయండి. అంటుకట్టిన పాలిమర్ తెల్లగా విడిపోతుంది, అంటని అన్‌హైడ్రైడ్ అసిటోన్‌లోనే ఉండిపోతుంది. వడకట్టి, మళ్లీ అసిటోన్‌తో కడిగి, వాక్యూమ్ ఓవెన్‌లో బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టండి.

అందులోంచి 1 గ్రాము తీసి మళ్లీ 100 మిల్లీలీటర్ల జైలీన్‌లో కరిగించి, మూడు నాలుగు చుక్కల నీరు వేసి పావుగంట రిఫ్లక్స్ చేయండి. ఆ నీటి చుక్కలు మరిచిపోతే అన్‌హైడ్రైడ్ రెండు ఆమ్ల గుంపులుగా విడిపోదు, మీ అంకె తక్కువ వస్తుంది. ద్రావణం వేడిగా ఉండగానే 0.05 నార్మల్ ఆల్కహాలిక్ పొటాషియం హైడ్రాక్సైడ్‌తో, థైమాల్ బ్లూ సూచికతో, నీలం రంగు నిలిచేదాకా టైట్రేట్ చేయండి. చల్లబడితే పాలిమర్ గడ్డకట్టి లెక్క తప్పుతుంది. పాలిమర్ లేని ఖాళీ జైలీన్‌కు ఖర్చయింది తీసేయండి.

శాతం = ఖర్చయిన మిల్లీలీటర్లు × నార్మాలిటీ × 98.06 ÷ (20 × నమూనా గ్రాములు)

3.0 మిల్లీలీటర్లు ఖర్చయితే 0.735 శాతం. ఈ పనికి 0.6 నుంచి 0.9 మధ్య ఉంటే చాలు. కడగని గుళికల మీద కూడా ఇదే పరీక్ష చేయండి. రెండు అంకెల తేడా మీ విడి అన్‌హైడ్రైడ్. అది 0.1 శాతం దాటితే గుళికలు బాగున్నాయనుకోకండి, వెంట్ పైపు విప్పి చూడండి.

ఆ తేడాకు ఎందుకింత పట్టింపో ఒక లెక్కతో అర్థమవుతుంది. మామూలు నైలాన్ 6 కిలోకు దాదాపు 45 మిల్లీఈక్వివలెంట్ల (చర్య జరిపే గుంపుల సంఖ్యకు కొలత) అమీన్ చివరలు ఉంటాయి, 80 కిలోలకు 3600. గ్రాఫ్ట్ 0.8 శాతం ఉన్న 20 కిలోల పీఓఈలో అన్‌హైడ్రైడ్ 160 గ్రాములు, అంటే సుమారు 1630. చివరలు సరిపోతాయి, ఇంకా మిగులుతాయి. ఇప్పుడు అందులోనే 0.3 శాతం విడి అన్‌హైడ్రైడ్ ఉందనుకోండి. 60 గ్రాములు, 612 మిల్లీఈక్వివలెంట్లు. చిన్న అణువు కాబట్టి గొలుసుకు అంటిన దానికంటే ముందే పరుగెత్తి అమీన్ చివరలను మూసేస్తుంది. ఆరింట ఒక వంతు చివరలు ఎవరినీ కలపకుండానే ఖర్చయిపోతాయి. శాతం తక్కువగా ఉందని ఇంకాస్త అన్‌హైడ్రైడ్ వేయడం చాలామంది చేసే పని. దానితో పెరిగేది ఎక్కువగా ఈ విడి భాగమే, దాంతో పాటు గుళికల పసుపు రంగు.

మెల్ట్ ఫ్లో కూడా చూడండి. మొదట 5 ఉన్నది 1.5–2.5కు దిగితే మామూలే. 0.5 కంటే కిందికి పోతే పెరాక్సైడ్ ఎక్కువై గొలుసులు ఒకదానికొకటి ముడిపడ్డాయి. టెఫ్లాన్ షీట్ల మధ్య 180 డిగ్రీల దగ్గర పల్చటి ఫిల్మ్ నొక్కి వెలుతురుకు పట్టుకుంటే చేపకళ్లలాంటి చుక్కలు కనిపిస్తాయి. పెరాక్సైడ్‌ను పది గ్రాముల చొప్పున తగ్గిస్తూ రండి.

పాలీప్రొపిలీన్‌ను ఇలా మార్చాలంటే కథ తిరగబడుతుంది. పెరాక్సైడ్ దాని గొలుసును తెంపుతుంది కాబట్టి మెల్ట్ ఫ్లో 3 నుంచి వందకు ఎగబాకడం విచిత్రమేమీ కాదు. అన్‌హైడ్రైడ్‌తో దాదాపు సమాన బరువు స్టైరీన్ కలిపితే తెగడం తగ్గి గ్రాఫ్ట్ పెరుగుతుంది. స్టైరీన్ ఏం చేయగలదో ఈ ఊరికి వేరే చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు ఆర్.ఆర్. వెంకటాపురం చూసింది. దాన్ని స్వయంగా గట్టిపడకుండా ఆపే ఇన్‌హిబిటర్ వేడికి ఖర్చయిపోతుంది, అది పనిచేయడానికి కరిగిన ఆక్సిజన్ కూడా కావాలి. కొద్ది లీటర్లే అయినా 25 డిగ్రీల లోపు ఉంచే చోటు, గాలి ఆడే గది లేకపోతే స్టైరీన్ జోలికి వెళ్లకుండా గ్రాఫ్టెడ్ పాలీప్రొపిలీన్‌ను బయట కొనుక్కోండి.

నైలాన్‌లో కలపడం

నైలాన్ 6, రిలేటివ్ విస్కాసిటీ (గొలుసు పొడవుకు సూచిక) 2.4–2.7: 80 కిలోలు
గ్రాఫ్ట్ చేసిన పీఓఈ: 20 కిలోలు
1098 రకం యాంటీఆక్సిడెంట్: 200 గ్రాములు, 168 రకం ఫాస్ఫైట్: 200 గ్రాములు

నైలాన్‌ను 80 డిగ్రీల దగ్గర నాలుగు నుంచి ఆరు గంటలు డీహ్యూమిడిఫైయింగ్ డ్రయ్యర్‌లో ఆరబెట్టండి. డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) మైనస్ 30 లేదా అంతకంటే కింద ఉండాలి. మామూలు హాట్ ఎయిర్ డ్రయ్యర్ బయటి గాలినే వేడిచేసి పంపుతుంది. రామకృష్ణా బీచ్ మీదుగా వచ్చే ఆ గాలిలో నీటికి కొదవుండదు, ఎనిమిది గంటలు నడిపినా తేమ ఒక చోట ఆగిపోయి కిందికి దిగదు. లక్ష్యం 0.1 శాతం. తొందర కోసం 100 డిగ్రీలకు పెంచితే నైలాన్ పసుపెక్కుతుంది. పీఓఈ గుళికలను 50 డిగ్రీలకు మించి వేడి చేయకండి, అతుక్కుంటాయి. వాటికి ఆ వేడిలో రాత్రంతా పొడి గాలి చాలు.

తేమ ఉంటే రెండు నష్టాలు. అన్‌హైడ్రైడ్‌లో కొంత ఆమ్లమై చర్య నెమ్మదిస్తుంది. నైలాన్ గొలుసు నీటికి తెగి పలచబడుతుంది. ఇమైడ్ బంధం ఏర్పడేటప్పుడు కూడా కొంత నీరు విడుదలవుతుంది. కాబట్టి ఈ మెట్టులోనూ వెంట్ వాక్యూమ్ ఆపకూడదు.

జోన్లు 225 నుంచి 245 డిగ్రీలు, వేగం 300 తిప్పులు. చర్య జరుగుతున్నదనడానికి మొదటి సాక్ష్యం మోటారు కరెంటు. అదే ఫీడ్‌తో మామూలు పీఓఈ కలిపినప్పటికంటే ఆంపియర్లు స్పష్టంగా పెరగాలి. 235 డిగ్రీల దగ్గర మెల్ట్ ఫ్లో బాగా పడిపోవాలి. రెండూ కదలకపోతే కలయిక జరగలేదు. అచ్చు పోసి చూద్దామని అనుకోనక్కర్లేదు.

కలిసిందో లేదో తేల్చే చవక పరీక్ష

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ అక్కర్లేదు. 1 గ్రాము బ్లెండ్‌ను 10 మిల్లీలీటర్ల 85 శాతం ఫార్మిక్ ఆమ్లంలో వేసి ఒక రాత్రి ఉంచండి. దీన్ని మొలావ్ పరీక్ష అంటారు. నైలాన్ కరుగుతుంది, పీఓఈ కరగదు. బంధం లేని బ్లెండ్‌లో పీఓఈ పైకి తేలి, కింద తేట ద్రావణం మిగులుతుంది. బంధం కుదిరితే మొత్తం మజ్జిగలా తెల్లగా, మర్నాటికి కూడా విడిపోకుండా ఉంటుంది. ఫార్మిక్ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది, చేతొడుగులు తీయకండి.

డ్యూపాంట్ పరిశోధకుడు సౌహెంగ్ వూ 1985లో నైలాన్ 66 మీద చూపించింది ఏమిటంటే, రబ్బరు చుక్కల మధ్య నైలాన్ గోడ మందం 0.3 మైక్రాన్ కంటే తగ్గినప్పుడు పెళుసు పదార్థం ఒక్కసారిగా దెబ్బ తట్టుకునే స్థితిలోకి దూకుతుంది. కాబట్టి కలయిక సగం కుదిరితే దెబ్బ తట్టుకునే బలం సగం వస్తుందని ఆశించకండి. చుక్కలు తగినంత చిన్నవి కాకపోతే దాదాపు ఏమీ రాదు, దాటాక పది రెట్లు కూడా పెరగవచ్చు. ఖరీదు తగ్గించడానికి 20లో సగం మామూలు పీఓఈ వేసేటప్పుడు ఈ గీత ఎక్కడుందో 5 కిలోల ట్రయల్‌తో చూసుకోవాలి.

ఇంపాక్ట్ కొలిచేటప్పుడు మన వాతావరణం అబద్ధం చెప్పిస్తుంది. అచ్చు నుంచి తీసిన బార్‌ను బల్ల మీద రెండు మూడు రోజులు వదిలేస్తే గాలిలోని తేమ పీల్చుకుని నైలాన్ మెత్తబడుతుంది, అంకె పెరుగుతుంది. మీరు కలిపిన పీఓఈ వల్ల పెరిగిందని సంబరపడతారు. అదే లాట్‌ను విజయవాడ సిపెట్‌కో (కేంద్ర ప్లాస్టిక్స్ సంస్థ), కొనేవాళ్ల ల్యాబ్‌కో పంపితే అక్కడ పొడి స్థితిలో కొడతారు, అంకె పడిపోతుంది. బార్ వేడి తగ్గగానే అల్యూమినియం ఫాయిల్ సంచిలో వేసి సీలు చేయండి. నివేదిక మీద పొడి స్థితి అనో, కండిషన్ చేసినదనో రాయండి. విరిగిన చోట తెల్లగా మారి, ముక్క వేరుపడకుండా వేలాడితే పని కుదిరినట్టే. మెరుస్తూ గాజులా విరిగితే ముందు మెల్ట్ ఫ్లో, తర్వాత విడి అన్‌హైడ్రైడ్, ఆ తర్వాత తేమ, ఈ వరుసలో వెతకండి.

ఇదే పీఓఈని పీబీటీలో (పాలీబ్యూటిలీన్ టెరెఫ్తలేట్ అనే ఇంకో ప్లాస్టిక్) వేసి ఫలితం రాలేదని అడిగేవాళ్లు ఎక్కువ. రాదు. పీబీటీ చివరల్లో అమీన్ ఉండదు, కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ ఉంటాయి. అన్‌హైడ్రైడ్ వాటితో నెమ్మదిగా, వెనక్కి కూడా తిరిగిపోయే చర్యే చేస్తుంది. అక్కడ ఎపాక్సీ గుంపు ఉన్న గ్లిసిడైల్ మెథాక్రిలేట్ గ్రాఫ్ట్ కావాలి.

తయారైన బ్లెండ్‌ను చల్లారిన వెంటనే అల్యూమినియం లామినేట్ సంచుల్లో, లోపల పాలిథిన్ లైనర్‌తో సీలు చేయండి. నేసిన సంచిలో నింపి వానాకాలం వారం రోజులు పెడితే ఆరబెట్టడానికి పెట్టిన ఖర్చంతా మళ్లీ పెట్టాలి. రన్నర్లు (అచ్చు దారుల్లో గట్టిపడిన ప్లాస్టిక్), స్క్రాప్ తిరిగి వాడేటప్పుడు 20 శాతం మించనివ్వకండి, వాటినీ కొత్త నైలాన్‌లాగే ఆరబెట్టండి.